బొమ్మ ఉంది, బత్తీ లేదు

"డిస్‌ప్లే పోయింది మేడం" అంటూ ఎవరైనా లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెడితే నేను వెంటనే స్క్రూడ్రైవర్ తీయను. మెషీను ఆన్ చేసి, దుకాణంలో లైటు ఆర్పి, చేతి టార్చిని తెరకు బాగా దగ్గరగా, ఏటవాలుగా పట్టి చూస్తాను. ఆ నలుపు లోపల గడియారం అంకెలు, పాస్‌వర్డ్ అడిగే గడి, ఒక్కోసారి ఆ వచ్చినాయన కూతురి ఫొటో మసకమసకగా కనిపిస్తాయి. కనిపించాయంటే తెర బాగానే ఉన్నట్టు. దాని వెనక వెలగాల్సిన దీపమే ఆరిపోయింది. నాకు పని నేర్పిన ఉస్తాద్ ఇంత చెప్పేవారు కాదు. "తస్వీర్ హై, బత్తీ నహీ" అనేవారు. రసీదు పుస్తకంలో నాతో తెలుగులో రాయించేవారు: బొమ్మ ఉంది, బత్తీ లేదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, దాని చుట్టూ ఉన్న గల్లీలు. ఇక్కడ ఆ నాలుగు మాటల మీద కొన్నేళ్లపాటు చాలామంది మెకానిక్కుల ఇళ్లు గడిచాయి. మా ఇల్లూ గడిచింది. ఇప్పుడు ఆ పని దాదాపు లేదు. ఆ పని ఎందుకు పుట్టిందో తెలియాలంటే అసలు లాప్‌టాప్‌కు దీపం ఎప్పుడొచ్చిందో చెప్పాలి. ఎందుకంటే మొదట్లో లేదు.

ఎల్‌సీడీ తనంతట తాను వెలగదు. రెండు గాజు పలకల మధ్య ద్రవ స్ఫటికాలు, పైనా కిందా పోలరైజర్ పొరలు. కరెంటు తగిలితే స్ఫటికాలు మెలిక మార్చుకుని వెలుతురును ఆపుతాయి, లేదా పోనిస్తాయి. అంతవరకే దాని పని. ఆర్‌సీఏ కంపెనీలో జార్జ్ హైల్‌మేయర్ బృందం 1968లో ఎల్‌సీడీ తొలి రూపాన్ని పత్రికల వాళ్లకు చూపించింది. ఆ తర్వాత చాలా ఏళ్లు చేతి గడియారాల్లోనూ కాలిక్యులేటర్లలోనూ గదిలో ఉన్న వెలుతురుతోనే నెట్టుకొచ్చింది. తొలి లాప్‌టాప్‌లదీ అదే దారి. 1981లో ఎప్సన్ ప్రకటించిన హెచ్‌ఎక్స్-20కి నాలుగే వరుసలు, వరుసకు 20 అక్షరాలు. 1983 నాటి టీఆర్‌ఎస్-80 మోడల్ 100కి ఎనిమిది వరుసలు, వరుసకు 40. ఈ మోడల్ 100ను అమెరికా విలేఖరులు తెగ ఇష్టపడ్డారు. గోడ గడియారంలో వేసే సైజు బ్యాటరీలు నాలుగు వేస్తే గంటల తరబడి నడిచేది. వెనక దీపం లేదు కనకే అంతసేపు నడిచింది. 1985లో వచ్చిన తోషిబా టీ1100కీ, ఆ మరుసటి ఏడాది ఐబీఎం తెచ్చిన పీసీ కన్వర్టిబుల్‌కీ దీపం లేదు. కన్వర్టిబుల్ తెర మీద అక్షరాలు కనబడటం లేదని జనం గగ్గోలు పెట్టారు.

కాబట్టి టార్చి పట్టి చూడటం మా గల్లీ కనిపెట్టిన విద్యేమీ కాదు. దీపం చచ్చిన లాప్‌టాప్‌ను ఒక్క నిమిషం 1985కు తీసుకెళ్లి చూస్తున్నామంతే. కాకపోతే ఇప్పటి తెరలు వెనక నుంచి వచ్చే వెలుతురు కోసమే తయారైనవి, ముందు నుంచి వేస్తే సరిగా తిప్పి పంపవు. అందుకే గట్టి టార్చి కావాలి, గది చీకటిగా ఉండాలి, కోణం కుదరాలి. పగటి వెలుతురులో పైపైన చూసి "తెర మొత్తం పోయింది, కొత్త ప్యానెల్ వెయ్యాలి" అని చెప్పేసేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

అదే కాలంలో సొంతంగా వెలిగే తెరలు కూడా లేకపోలేదు. 1982 నాటి గ్రిడ్ కంపాస్‌ది పసుపు ఎరుపు కలిసిన రంగులో తానే వెలిగే ఎలక్ట్రోలూమినిసెంట్ తెర. ధర 8,150 డాలర్లు. కొన్నవాళ్లు ప్రభుత్వాలు, పెద్ద కంపెనీలు. స్పేస్ షటిల్‌లో అంతరిక్షానికీ వెళ్లింది. తెరను కీబోర్డు మీదికి మూతలా మడిచే పద్ధతిని బిల్ మాగ్రిడ్జ్ డిజైన్ చేసింది దానికే. ఆ మూత కీలు తర్వాత నాకు చాలా పని ఇచ్చింది, అక్కడికి వస్తాను. 1986లో తోషిబా టీ3100 నారింజ రంగు ప్లాస్మా తెరతో వచ్చింది. చూడ్డానికి బ్రహ్మాండం, కానీ గోడ సాకెట్టు దగ్గరే కూర్చోవాలి.

ఎల్‌సీడీ వెనక దీపం పెట్టడం వ్యాపారానికి ఎంత అవసరమో తేల్చింది ఒక పన్నుల ఆఫీసు. 1986 మొదట్లో అమెరికా ఆదాయపు పన్ను శాఖ తన ఆడిటర్ల కోసం దాదాపు 15,000 పోర్టబుల్ కంప్యూటర్ల ఆర్డరును ఐబీఎంకు కాకుండా జెనిత్‌కు ఇచ్చింది. జెనిత్ యంత్రంలో తెర వెనక లేత నీలం ఆకుపచ్చ వెలుగు ఉండేది. ఆ వెలుగిచ్చేది ఒక పల్చని రేకు. కొన్ని వేల గంటలకే అది డీలాపడేది.

దీపం వస్తే బ్యాటరీ పోతుంది. ఈ బేరం ఎంత కష్టమో ఆపిల్ కథలో తెలుస్తుంది. 1989 సెప్టెంబరులో మాకింటోష్ పోర్టబుల్ తెచ్చారు. ధర 6,500 డాలర్లు, బరువు ఏడు కిలోల పైచిలుకు, లోపల సీసం బ్యాటరీ. తెర చాలా నాణ్యమైనదే, దీపం మాత్రం లేదు. విమానంలో రాత్రిపూట నెత్తి మీద లైటు వేసుకుంటే తప్ప పనికిరాలేదు. 1991 ఫిబ్రవరిలో దీపం పెట్టి మళ్లీ తెచ్చారు. బ్యాటరీ నిలిచే సమయం దాదాపు సగానికి పడిపోయింది. అయినా మళ్లీ దీపం లేని లాప్‌టాప్ జోలికి పోలేదు. ఆ ఏడాది చివర్లో వచ్చిన పవర్‌బుక్‌లూ, 1992 అక్టోబరులో 10.4 అంగుళాల రంగుల తెరతో వచ్చిన ఐబీఎం థింక్‌ప్యాడ్ 700సీ... ఇక దారి ఖరారైపోయింది. తెర అంచున సన్నని గాజు ట్యూబు. పేరు కోల్డ్ క్యాథోడ్ ఫ్లోరసెంట్ ల్యాంపు. మా బల్లల మీద వట్టి ట్యూబు.

మా ఉస్తాద్ అప్పటికి టీవీ మనిషి. ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీలు హైదరాబాద్ ఇళ్లలో రాజ్యమేలిన రోజుల్లో బ్లాక్ అండ్ వైట్ సెట్లు బాగుచేస్తూ మొదలుపెట్టి, 1982 ఆసియా క్రీడల తర్వాత రంగుల టీవీల్లోకి వచ్చారు. పిక్చర్ ట్యూబుకు వేల వోల్టులు అందించే లైన్ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, మా భాషలో ఎల్‌వోటీ, ఆయనకు అరచేతిలో గీత. నేను ఐటీఐలో రేడియో టీవీ ట్రేడు చేసి 1998లో ఆయన దగ్గర చేరాను. చేరిన కొద్ది రోజులకే అమెరికా నుంచి సెలవు మీద వచ్చిన సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒకడు నల్లబడ్డ లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. కంప్యూటర్ల వాళ్లు ముట్టుకోలేదట. ఉస్తాద్ దాని తెర ఫ్రేము ఊడదీసి, అడుగున వేలెడు వెడల్పుతో పొడుగ్గా ఉన్న చిన్న బోర్డును చూసి నవ్వారు. "ఇది మన ఎల్‌వోటీకి చిన్న తమ్ముడమ్మా."

నిజంగానే తమ్ముడు. ఇన్వర్టర్ అనే ఆ బోర్డు లోపలికి తీసుకునేది బ్యాటరీ ఇచ్చే పది పన్నెండు వోల్టులు. బయటికి ఇచ్చేది, ట్యూబు అంటుకునే క్షణంలో వెయ్యి దాటి, అంటుకున్నాక ఆరేడు వందల దగ్గర నిలబడే హై ఫ్రీక్వెన్సీ కరెంటు. 1950ల్లో జార్జ్ రాయర్ కనిపెట్టిన ఆసిలేటర్ సర్క్యూట్ ఎన్నో ఇన్వర్టర్లకు తల్లివేరు. ట్యూబుకు వెళ్లే తీగలు రెండు, గులాబీ రంగుది, తెల్లది. గులాబీ తీగ దగ్గర వేలు పెడితే షాకు కొట్టినట్టు కూడా అనిపించదు, చర్మం మీద తెల్లటి చుక్క కాలి కనబడుతుంది. టీవీ మెకానిక్కులకు ఆ భయభక్తులు ముందే ఉన్నాయి. అందుకే మా పక్కన తొలిరోజుల్లో ఈ బత్తీ పని చేసినవాళ్లు చాలామంది టీవీ బల్లల మీద నుంచి వచ్చినవాళ్లే. సాఫ్ట్‌వేర్ తెలిసిన కుర్రాళ్లు ఆ వైపు రావడానికి జంకేవారు.

రోగం ఎక్కడుందో రోగమే చెప్పేది. ఆన్ చేయగానే తెర ఒక్క క్షణం వెలిగి ఆరిపోతే ట్యూబు తెగినట్టో, అంటుకోనట్టో. ఇన్వర్టర్ ఆ సంగతి పసిగట్టి తనను తాను ఆపుకుంటుంది. పొద్దున్నే తెర ఎర్రగా మొదలై పది నిమిషాలకు తెల్లబడుతుంటే ట్యూబు ముసలిదయింది. మూత కొంచెం వాల్చినప్పుడు వెలిగి, పూర్తిగా తెరిస్తే ఆరిపోతుంటే కీలు దగ్గర కేబులు నలిగింది. గ్రిడ్ కంపాస్ నాటి ఆ మడత సుఖానికి మనం కట్టే సుంకం ఇదే: రోజుకు ఎన్నోసార్లు మూత తీసి మూస్తే తల వెంట్రుకల్లాంటి తీగలు ఒక్కొక్కటే తెగుతాయి. మొత్తానికే వెలగకపోతే ముందు ఇన్వర్టర్‌కు కరెంటు వస్తోందా, వెలుగు అనే ఆజ్ఞ వస్తోందా అని మీటరు పెట్టి చూడాలి. రెండూ వస్తుంటే మా దగ్గర మంచిదని తేలిన ఒక ట్యూబును పక్కనే తగిలించి చూసేవాళ్లం. అది వెలిగితే దోషం తెర లోపలి ట్యూబుది. వెలగకపోతే ఇన్వర్టర్‌ది. ఇంతకంటే పెద్ద శాస్త్రం మాకు అక్కర్లేకపోయింది.

ట్యూబు మార్చడం మాత్రం వేరే కథ. 15.4 అంగుళాల తెరకు దాదాపు 33 సెంటీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల లావు. ఊపిరి గట్టిగా వదిలితే విరుగుతుందేమో అనిపిస్తుంది. ప్యానెల్ చుట్టూ ఉన్న రేకు చట్రం విప్పి, అడుగు అంచు నుంచి వెండి రంగు దోనెతో సహా పాత ట్యూబును జార్చి బయటికి తీయాలి. చివర్ల రబ్బరు టోపీలు ఊడదీసి, తీగలు విప్పి, కొత్తదానికి టాంకా వేయాలి. టాంకా ఒక్క క్షణం ఎక్కువైతే గాజు దగ్గర పగులుతుంది. వెలుగును తెరంతా పరిచే అక్రిలిక్ పలక, దాని మీది పల్చని పొరల మధ్య ఒక్క దుమ్ము నలుసు దూరినా, ఆ తెర ఉన్నన్నాళ్లూ తెల్ల పేజీలో మచ్చ. ఉస్తాద్‌కు అప్పటికే చేయి కొద్దిగా వణికేది. ఆ పని నాకు వచ్చింది అలాగే. ఫ్యాన్ ఆపేసి, చీర కొంగు దోపుకుని, బల్ల మీద తడిగుడ్డ పరిచి కూర్చునేదాన్ని. మా గల్లీలో చాలా దుకాణాలు ట్యూబు పనిని నా దగ్గరికే పంపేవి. "ఆడమనిషి ఏం చేస్తది" అని మొదట్లో తల తిప్పినవాళ్లే తర్వాత తమ పని ముందు చేయమని టీ పంపించేవారు.

ఈ పనిలో నాకు కనబడని గురువు మరొకరున్నారు. జిమ్ విలియమ్స్. కాలిఫోర్నియాలో లీనియర్ టెక్నాలజీ అనే చిప్పుల కంపెనీలో ఇంజినీరు. లాప్‌టాప్ తెర దీపాల మీద 1992 నుంచి వరసగా అప్లికేషన్ నోట్లు రాశారు, 1995 నవంబరుది వాటిలో పెద్దది. ఒక కాలేజీ కుర్రాడు దాని ప్రింటు తీసి ఇచ్చాడు. ఇంగ్లీషు సగమే అర్థమైంది, బొమ్మలు పూర్తిగా అర్థమయ్యాయి. అంత హై ఫ్రీక్వెన్సీలో ట్యూబు పక్కనున్న రేకులోకీ, చట్రంలోకీ కరెంటు గాలిలోంచే కారిపోతుందనీ, అందుకే కొన్ని ట్యూబులు తీగ ఉన్న వైపు వెలిగి రెండో చివర వెలవెలబోతాయనీ ఆయన విడమరిచారు. అప్పటిదాకా తెరకు ఒక పక్క మసకగా ఉంటే ట్యూబునే నిందించి మార్చేవాళ్లం. ఆ కాగితాలు చదివాక తీగను రేకుకు ఎడంగా తిప్పి కట్టి చూశాం. కొన్నిసార్లు ట్యూబు ఖర్చే తప్పింది. ఆయన 2011లో పోయారు. వైర్లూ పాత మీటర్లూ కుప్పలుగా పడి ఉన్న ఆయన పని బల్లను అలాగే తీసుకెళ్లి మౌంటెన్ వ్యూ కంప్యూటర్ చరిత్ర మ్యూజియంలో ప్రదర్శించారు. ఆ ఫొటో చూసి నా బల్ల గురించి మా వారు చేసే ఫిర్యాదుకు జవాబు దొరికిందనుకున్నాను.

ట్యూబుకు చావు జపాన్‌లో రాసి పెట్టి ఉంది. 1993లో నిచియా కంపెనీలో షుజి నకమురా బాగా వెలిగే నీలం ఎల్‌ఈడీ చేశారు. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూసి 1996లో ఆ కంపెనీ తెల్ల ఎల్‌ఈడీని అమ్మకానికి పెట్టింది. సెల్‌ఫోన్ల చిన్న తెరలు ముందు మారాయి. 2005లో సోనీ వయో టీఎక్స్ లాంటి పల్చటి లాప్‌టాప్‌లకు ఎల్‌ఈడీ దీపం వచ్చింది. 2007 మేలో స్టీవ్ జాబ్స్ ట్యూబుల్లోని పాదరసం వదిలించుకుంటామని బహిరంగ లేఖ రాశారు, జూన్‌లో 15 అంగుళాల మాక్‌బుక్ ప్రో ఎల్‌ఈడీతో వచ్చింది. పాదరసం మాట నిజమే. ఒక్కో ట్యూబులో కొద్ది మిల్లీగ్రాములే అయినా, విరిగిన ట్యూబులను మేం ఎన్నేళ్లు మామూలు చెత్తలో కలిపామో తలచుకుంటే ఇప్పుడు మనసు ఒప్పదు. మన దేశంలో ఈ-వ్యర్థాల నియమాలు అమల్లోకి వచ్చిందే 2012 మేలో. 2010 దాటేసరికి పార్క్‌లేన్‌కు వచ్చే కొత్త లాప్‌టాప్‌లలో ట్యూబు కనబడటం అరుదైపోయింది.

ఎల్‌ఈడీతో ఇన్వర్టర్ బోర్డు మాయమైంది. దాని పని, అంటే వోల్టేజీ పెంచడం, ముప్పై నలభై వోల్టులకు తగ్గి ప్యానెల్ వెనక పట్టీలోని ఒక చిప్పుకు చేరింది. మాక్‌బుక్‌లలో మదర్‌బోర్డు మీదికి పోయింది. చీటీ రాసినట్టు విడివిడిగా దొరికే ట్యూబు, ఇన్వర్టర్, తీగ ఇక లేవు, అంతా ఒకే ప్యానెల్. అది చవకై, ట్యూబు మార్చే కూలికి దగ్గరగా వచ్చాక "ప్యానెల్ మార్చెయ్" అన్నదే వైద్యమైంది. మా వాళ్లలో కొందరు సీసీ కెమెరాల పనికి మళ్లారు, కొందరు సెల్‌ఫోన్లకు. ఉస్తాద్ ఆపేశారు. నేను బోర్డుల మీదికి వచ్చాను.

ఎందుకంటే ప్యానెల్ మార్చినా వెలగని తెరలు రావడం మొదలైంది. చాలావాటిలో పోయింది ఒక ఫ్యూజు. తెర కేబులు వచ్చి కూర్చునే చోట, బోర్డు మీద, ఆవగింజంత. బ్యాటరీ విప్పకుండా తెర కేబులు లాగినా, అటూ ఇటూ వంకరగా గుచ్చినా దీపం కరెంటు వచ్చే పిన్ను పక్క పిన్నుకు తగిలి అది పేలుతుంది. బాగుచేయబోయినవాళ్లే చంపేస్తారన్నమాట. మీటరు బీప్ మీద పెట్టి రెండు కొసలు తాకితే నిమిషంలో తెలుస్తుంది. కానీ ఫ్యూజు వేసి ఊరుకోకూడదు. ఎందుకు పేలిందో చూడకుండా వేస్తే రెండోదీ పేలుతుంది. కేబులు దగ్గర టీ పడిన మరక ఉందేమో, తీగ నలిగి చట్రానికి తగులుతోందేమో చూడాలి.

2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసినప్పుడు ఫోన్ మీదే ఇదంతా చెప్పాల్సి వచ్చింది. సూర్యాపేట నుంచి ఒక తండ్రి, కొడుక్కి ఆన్‌లైన్ క్లాసు, తెర నలుపు. "అన్నా, గదిల లైటు తీసి సెల్ టార్చి పట్టుండ్రి, ఏమన్న కనవడ్తుందా?" అన్నాను. "కనవడ్తున్నయి చెల్లె, బొమ్మలు సన్నగ కనవడ్తున్నయి." వెలుగు పెంచే మీట నొక్కమన్నాను, మారలేదు. ఛార్జరు తీసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టి మళ్లీ పెట్టమన్నాను, మారలేదు. "లాప్‌టాప్ దేని మీద పెట్టిండ్రు?" అంటే మరో లాప్‌టాప్ మీద అన్నాడు, పెద్దమ్మాయిది. తీసి బల్ల మీద పెట్టగానే వెలిగింది. మూత మూశారని లాప్‌టాప్‌కు చెప్పేది ఈ కాలంలో మూతలోని చిన్న అయస్కాంతం, దాన్ని పసిగట్టే సెన్సరు. పాతవాటిలో కీలు పక్కన ఒక చిన్న పుల్ల ఉండేది, మూత దాన్ని నొక్కేది. పుల్ల ఇరుక్కుంటే వేలితో కదిపితే చాలు. అయస్కాంతం పనులు కంటికి కనబడవు. కింది లాప్‌టాప్ అయస్కాంతం పైదాన్ని మోసం చేసింది.

టార్చికి కూడా ఏమీ కనబడకపోతే అది నా బత్తీ శాఖ కాదు. టీవీకి గానీ మానిటర్‌కు గానీ తగిలించి చూస్తాను. అక్కడ బొమ్మ వస్తే తెరదో కేబులుదో తప్పు. అక్కడా రాకపోతే ర్యామ్ తీసి, దాని బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ గుచ్చుతాను. ఈ రబ్బరు వైద్యాన్ని చూసి నవ్వినవాళ్లు డబ్బులిచ్చేటప్పుడు నవ్వలేదు.

ఇప్పుడు ఓఎల్‌ఈడీ తెరల లాప్‌టాప్‌లు వస్తున్నాయి. ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, వెనక దీపమంటూ ఉండదు. గ్రిడ్ కంపాస్ పద్ధతి నలభై ఏళ్లకు వేరే వేషంలో తిరిగి వచ్చిందనుకోవచ్చు. ఆ తెర నల్లబడితే టార్చి పట్టి లాభం లేదు, బొమ్మా బత్తీ రెండూ ఒకటే.

ట్యూబు పని పూర్తిగా పోయిందనుకున్నాను గానీ పోలేదు. బాలానగర్‌లో చిన్న చిన్న మెషీన్ షాపుల్లో ఇరవై ఏళ్ల నాటి సీఎన్‌సీ యంత్రాలు ఇంకా తిరుగుతున్నాయి. యంత్రం ఉక్కులా ఉంటుంది, కంట్రోల్ తెర మసకబారుతుంది. ఆ ప్యానెల్ కొత్తది దొరకదు, దొరికితే ధర వినలేం. వాళ్లు నా దగ్గరికి వస్తారు. నా దగ్గర పీవీసీ పైపులో దూది చుట్టి దాచిన పాత నిల్వ కొంత ఉంది. పొడవు కుదిరితే ట్యూబు వేస్తాను, కుదరకపోతే ఎల్‌ఈడీ పట్టీ, దానికో చిన్న డ్రైవర్ బోర్డు పెట్టి సర్దుతాను. మొన్న ఒక యజమాని రెండోదానికి ఒప్పుకోలేదు. "ట్యూబే వెయ్యి మేడం, మా ఆపరేటర్‌కు ఆ వెలుగే అలవాటు" అన్నాడు. వేశాను. కూలి 1,200 రూపాయలు, పాత ట్యూబు విరగకుండా నాకే తిరిగివ్వాలన్న షరతు మీద.